చేతుల కొలత

జడ్జి ముఖం చూడకండి, చేతులు చూడండి.

పచ్చ తివాచీ పరిచిన రింగులో ఒక బల్ల. దాని మీద ఏడు కిలోలు కూడా ఉండని ఒక కుక్క, బోర్డర్ టెర్రియర్, నాలుగు కాళ్లూ నిలదొక్కుకుని నిలబడి ఉంది. ఇది బర్మింగ్‌హామ్‌లో మార్చి నెల క్రఫ్ట్స్ కుక్కల ప్రదర్శన, టెర్రియర్ల రోజు. మన వెనక హాలు పొడవునా నంబర్లు వేసిన బెంచీలు, అరకో కుక్క, దాని పక్కనే ఫ్లాస్కులో టీ పోసుకుంటున్న యజమాని. పక్క రింగులోంచి ఎయిర్‌డేల్ ఒకటి మొరిగితే ఇటు నుంచి పది గొంతులు బదులిస్తున్నాయి. ఊరికే ఫీజు కట్టి ఇక్కడికి రాలేరు. ఏడాది పొడవునా జరిగే షోలలో నెగ్గి అర్హత తెచ్చుకున్న కుక్కలివి.

జడ్జి ముందు రెండడుగులు వెనక్కి వేసి పక్క నుంచి ఆకారమంతా చూసింది. తర్వాత దగ్గరకొచ్చి తల పట్టుకుంది. వెడల్పాటి పుర్రె, పొట్టిగా బలంగా ఉన్న మూతి. చూడగానే నీటికుక్క (ఆటర్) తల గుర్తుకు రావాలి, ఈ జాతి ముద్ర అదే. పెదవి ఎత్తి పళ్లు చూసింది: పైవరస కింది వరసను కత్తెరలా తాకుతూ మూసుకోవాలి. మెడ మీదుగా వీపు దాకా వచ్చి తోలును గుప్పిట పట్టి లాగింది. అది మందంగా, వదులుగా చేతికి వచ్చింది. బొరియలో నక్క కరిస్తే ముందుగా దాని పళ్లకు దొరికేది ఈ తోలే. గరుకు వెంట్రుకలను ఎదురు దువ్వి, అడుగున దట్టంగా ఉండే మెత్తటి పొర ఉందో లేదో చూసింది. ఆ గరుకుదనం కోసమే యజమానులు బొచ్చు కత్తిరించే మెషీన్ జోలికి పోరు. ముదిరిన వెంట్రుకలను వేళ్లతోనే కొద్దికొద్దిగా పీకి, కొత్తవి రావడానికి వారాల తరబడి ఆగుతారు. కత్తిరిస్తే పని తేలికే, కానీ బొచ్చు మెత్తబడి, రంగు వెలిసి, వానకు తడిసిపోతుంది. తోక మొదట్లో లావుగా ఉండి కొసకు సన్నబడింది. ఈ జాతికి తోక కోసే అలవాటు ఎప్పుడూ లేదు. రెండు వృషణాలూ దిగాయో లేదో కూడా తడిమి చూసింది.

ఇప్పుడు అసలు పరీక్ష. భుజాల వెనక రెండు చేతులూ చుట్టూ వేసింది. బొటనవేళ్లు వెన్ను మీద, మిగతా వేళ్లు రొమ్ము కింద. కుక్క ముందుకాళ్లు బల్ల మీంచి కాస్త పైకి లేచాయి. అది కళ్లార్పకుండా యజమాని జేబు వైపే చూస్తోంది, బిస్కట్లు అందులోనే ఉన్నాయి మరి. జడ్జి వేళ్ల కొసలు ఒకదానికొకటి అందాయి.

ఇంగ్లండు, స్కాట్లండు సరిహద్దు కొండల్లో రైతులూ గొర్రెల కాపరులూ గొర్రెపిల్లలను ఎత్తుకుపోయే నక్కల కోసం పెంచుకున్న కుక్క ఇది. గుర్రాల వెంట మైళ్లకు మైళ్లు పరుగెత్తాలి, ఆ తర్వాత నక్క దాక్కున్న బొరియలో దూరాలి. ఛాతీ వెడల్పైతే రాళ్ల మధ్య ఇరుక్కుని చస్తుంది. మరీ నొక్కుకుపోతే గుండెకూ ఊపిరితిత్తులకూ చోటు చాలదు. అందుకే పక్కటెముకలు వెడల్పుకు కాకుండా వెనక్కి పొడవుగా సాగాలి. పైన బొచ్చు ఉండగా ఇది కంటికి తెలిసే సంగతి కాదు. 1920లో బ్రిటన్ కెన్నెల్ క్లబ్ ఈ జాతిని గుర్తించింది. రెండు చేతుల్లో ఇమడాలన్న నియమం ఇవాళ్టికీ దాని ప్రమాణ పత్రంలో ఉంది. చేతులు చిన్నవైన జడ్జి వేళ్ల మధ్య మిగిలిన ఖాళీని బట్టి లెక్క వేసుకుంటుంది.

2004 నాటి చట్టంతో ఇంగ్లండులో వేటకుక్కలతో నక్కలను తరిమే పాత వేట ఆగిపోయింది. ఈ బల్ల మీద నిలబడ్డ కుక్క బొరియ మొహం చూసి ఉండదు. పని పోయాక కొలత ఎందుకని అడిగేవాళ్లున్నారు. నేను గట్టిగా ఈ కొలత పక్షమే. అనేక జాతులు ప్రదర్శనల్లో చెడింది కంటికి నచ్చినదాన్ని ఏటా కాస్త కాస్త పెంచుకుంటూ పోవడం వల్లే: ఇంకాస్త బొచ్చు, ఇంకాస్త పొట్టి ముక్కు, ఇంకాస్త బరువు. మనిషి అరచేయి మాత్రం ఏటేటా పెరగదు.

కుక్క కిందికి దిగింది. త్రికోణంలో ఒక చుట్టు, తర్వాత నేరుగా వెళ్లి రమ్మంది జడ్జి. పట్టీ వదులుగా వేలాడుతోంది. వెనక నుంచి చూడండి, కాళ్లు సమంగా, తడబాటు లేకుండా పడుతున్నాయి. క్లాసులన్నీ ముగిశాక గెలిచిన మగకుక్కలన్నీ వరసలో నిలబడ్డాయి. జడ్జి చేయి మన కుక్క వైపు చూపింది. దానికి ఛాలెంజ్ సర్టిఫికెట్ వచ్చింది. ముగ్గురు వేర్వేరు జడ్జీల నుంచి ఇలాంటివి మూడు వస్తే ఛాంపియన్. ఈ దేశంలో ఇప్పటికే ఛాంపియన్లయినవీ అదే సర్టిఫికెట్‌కు పోటీలో ఉంటాయి, వాటిని కూడా ఓడించి తెచ్చుకోవాలి.

చప్పట్లు అయిపోయాయి. రండి, బెంచీల దగ్గరికి పోదాం. జాతి రాత మారేది అక్కడే.

గెలిచిన కుక్క దగ్గర అప్పుడే జనం మూగారు. అందరికీ దాని పిల్లలే కావాలి. ఈ ఆశే ప్రమాదం. ఒక్క మగకుక్కనే అందరూ వాడితే కొన్నేళ్లకు దేశంలో ఏ జతను చూసినా చుట్టరికమే, దాగి ఉన్న జబ్బులన్నీ బయటపడతాయి. తల్లీకొడుకులు, తండ్రీకూతుళ్లు, తోబుట్టువుల జతకు పుట్టిన పిల్లలను కెన్నెల్ క్లబ్ 2009 నుంచి నమోదు చేయడం లేదు. దూరపు చుట్టరికాన్ని ఆపాల్సింది మాత్రం పెంపకందారే. బోర్డర్లలో పిల్లలను వణికించే నాడీ జబ్బు ఒకటుంది. అది వచ్చిన పిల్ల లేచి నిలబడే వయసొచ్చేసరికి వెనక భాగమంతా ఊగిపోతుంది. తల్లీ తండ్రీ ఇద్దరూ పైకి ఆరోగ్యంగా ఉండి లోపల ఆ జన్యువును మోస్తుంటే, సగటున నాలుగు పిల్లల్లో ఒకదానికి జబ్బు వస్తుంది. డీఎన్ఏ పరీక్షతో దాన్ని ముందే పట్టుకోవచ్చు.

నెరిసిన జుట్టున్న ఒకావిడ ముందుకొచ్చింది.

"మీ వాడి పరీక్ష ఎలా వచ్చిందండీ?"

"క్యారియర్." దాచలేదు యజమాని.

"మా ఆడదానికి క్లియర్ వచ్చింది."

"అయితే జబ్బు పిల్లలు పుట్టవు. కానీ సగం పిల్లలు మోసేవే కావచ్చు. అన్నిటికీ పరీక్ష చేయించాకే ఎవరికైనా ఇవ్వాలి, ఒప్పుకుంటారా?"

"తప్పకుండా. ఎన్నో ఈత అని అడగరేం? ఇది రెండోది." నాలుగు ఈతలు దాటితే నమోదు ఉండదని ఇద్దరికీ తెలుసు.

"వంశపత్రం తెచ్చారా?"

ఆవిడ సంచిలోంచి కాగితం తీసి మడత విప్పింది. ఇద్దరూ దాని మీదికి వంగి, అయిదు తరాల పేర్ల మీద వేలు పెట్టుకుంటూ పోయారు. తల్లి వైపు మూడో తరంలో అతని వేలు ఆగింది.

"ఈ కుక్క మా వాడికీ తాతే. ఇంకొంచెం దూరపువాణ్ణి చూద్దాం. స్కాట్లండులో నాకు తెలిసినాయన దగ్గర ఒకడున్నాడు, షోలలో పెద్దగా గెలవలేదు గానీ ఛాతీ మాత్రం ఇలాగే చేతుల్లో ఇముడుతుంది. ఫోన్ నంబరిస్తాను, రాసుకోండి."