తార్నాక ఫ్లాస్కు, జీడిమెట్ల రియాక్టరు

మా సంస్థ చరిత్రను రెండు పేజీల్లో రాయమని ప్లాటినం జూబ్లీ సంచిక కమిటీ ఆదేశం. 1944లో హైదరాబాద్ రాజ్యంలో సెంట్రల్ లేబరేటరీస్‌గా పుట్టి, 1956లో కేంద్ర పరిశోధన మండలి సీఎస్‌ఐఆర్ చేతికొచ్చి ఆర్‌ఆర్‌ఎల్ (రీజనల్ రీసెర్చ్ లేబరేటరీ) అయ్యాం. 1989లో ఐఐసీటీ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీ) అని బోర్డు మారింది గానీ మాలాంటి పాతవాళ్ల నోట ఇప్పటికీ ఆర్‌ఆర్‌ఎల్లే. డైరెక్టరు జహీర్ గారి హయాం, బొగ్గు, నూనెల పరిశోధనలు, 1977లో ఇక్కడి నుంచే జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ మొలకెత్తడం అందరికీ తెలిసిన సంగతులే.

అసలు కథ 1970 పేటెంట్ చట్టంతో మొదలైంది. మందుల విషయంలో పేటెంటు తయారీ పద్ధతికే గానీ మందుకు కాదంది ఆ చట్టం. అంటే కొత్త దారి కనిపెట్టినవాడిదే మందు. ప్రభుత్వ మందుల కంపెనీ ఐడీపీఎల్‌లో పని నేర్చి జీడిమెట్లలో సొంతంగా యూనిట్లు పెట్టుకున్నవాళ్లకు, పక్కనే ఉస్మానియా యూనివర్సిటీలో పీహెచ్‌డీకి రిజిస్టరై మా బెంచీల మీద పనిచేసే కుర్రాళ్లకు తార్నాకలోని మా ల్యాబే కూడలి అయింది.

1985లో పుణె నేషనల్ కెమికల్ లేబరేటరీ నుంచి ఎ.వి. రామారావు గారు డైరెక్టరుగా వచ్చారు. గుంటూరు మనిషి. ఆ మరుసటేడే ఆబిద్ హుస్సేన్ కమిటీ, సీఎస్‌ఐఆర్ ల్యాబులు తమ ఖర్చులో మూడో వంతు బయటి నుంచి సంపాదించుకోవాలంది. మా గుండెల్లో రాయి పడింది. అప్పటిదాకా పేపరు అచ్చయితే సంబరం, ఇక ప్రాసెస్ కొనేవాడు కావాలి, అంటే అది పెద్ద రియాక్టరులోనూ నడవాలి. ఫ్లాస్కు కింద మంచు గిన్నె పెడితే చల్లబడే రియాక్షన్, వందల లీటర్ల రియాక్టరులో వేడి బయటికి పోక పొంగుతుంది. ఈల్డు పడిపోతుంది, రంగు మారుతుంది. పైలట్ ప్లాంటులో రాత్రి షిఫ్టు అంటే థర్మామీటరు మీద కన్ను, కూలింగ్ వాల్వు మీద చెయ్యి.

ఆ కష్టంలోంచే ఎయిడ్స్ మందు ఏజెడ్‌టీ ప్రాసెస్ వచ్చింది. దాన్ని తీసుకున్న మందుల కంపెనీ సిప్లా 90ల మొదట్లో విదేశీ ధరలో కొద్ది భాగానికే మందు అమ్మింది. అదీ పేదవాడికి అందలేదు. 2001లో మూడు మందుల చికిత్సను రోజుకు డాలరు లోపు ఇస్తామని అదే సిప్లా ప్రకటించినప్పుడు మాత్రం మా క్యాంటీన్లో పండగే.

జూబ్లీ వేళ అనకూడదేమో గానీ, మా దగ్గరికొచ్చిన కంపెనీలన్నీ సిప్లాలా లేవు. ఒక కంపెనీవాళ్లు మా బ్యాచ్‌లన్నీ దగ్గరుండి చూశారు, ప్రతి అంకె రాసుకున్నారు. తర్వాత ‘మాకు కుదర్లేదు’ అని ఉత్తరం రాశారు. రెండేళ్లకు అదే సరుకు బజార్లో కనిపించింది. రాయల్టీ రాలేదు, అడిగే ఓపికా మాకు లేదు. ఇక హైదరాబాద్ బల్క్ డ్రగ్ రాజధాని అని మురిసిపోయాం గానీ, పటాన్‌చెరు నక్కవాగులో కలిసిన వ్యర్థాల గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఈల్డు లెక్క కట్టినంత శ్రద్ధగా మడ్డి ఎక్కడికి పోతుందో లెక్క కట్టలేదు మనం.

గ్లాస్ బ్లోయింగ్, బాయిలర్, స్టోర్స్, లైబ్రరీ, వర్క్‌షాప్, క్యాంటీన్ సిబ్బంది పేర్లన్నీ వేయడానికి చోటు లేదంటోంది కమిటీ. ప్రకటనలకు పద్నాలుగు పేజీలు దొరికాయి కదా, అందులో ఒకటి గ్లాస్ బ్లోయర్లకిచ్చి ఉండాల్సింది.