పరాయి గూఢచారుల పేరు చెప్పి సొంత జనం మీద నిఘా: అమెరికా చరిత్ర నుంచి మనకో పాఠం



ఏజెన్సీ ఊళ్లలో పెరిగిన మనకి నిఘా అంటే ఏంటో ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. "ఊళ్లోకి ఎవరొచ్చారు? ఎవరింట్లో తిన్నారు?" అనే ప్రశ్నలకి మన పెద్దలు ఎన్నిసార్లు జవాబు చెప్పుకున్నారో మనం విన్నదే. ఇవాళ అమెరికా సంగతి మాట్లాడుకుందాం. విదేశీ గూఢచారుల కోసమని మొదలైన నిఘా అక్కడ సొంత జనం మీదికి ఎలా మళ్లింది, దానికి చట్టంతో కళ్లెం వెయ్యాలని ఎలా చూశారు అన్నది మనం తెలుసుకోవాల్సిన చరిత్ర.

1963లో మార్టిన్ లూథర్ కింగ్ ఫోన్లు వినడానికి ఎఫ్‌బీఐకి అనుమతి దొరికింది. కోర్టు ఇచ్చిన అనుమతి కాదు, అటార్నీ జనరల్ రాబర్ట్ కెనెడీ పెట్టిన సంతకం. కింగ్ సలహాదారుల్లో కమ్యూనిస్టులు ఉన్నారన్నది సాకు. నల్లజాతి జనం ఓటు హక్కు అడిగితే వెనక పరాయి దేశం చెయ్యి వెతికారన్నమాట.

ఆదివాసుల విషయంలో ఆ సాకు కూడా అక్కర్లేకపోయింది. 1973 ఫిబ్రవరి 27న దక్షిణ డకోటాలోని వూండెడ్ నీ గ్రామాన్ని లకోటా జనం, అమెరికన్ ఇండియన్ మూవ్‌మెంట్ కార్యకర్తలు తమ చేతుల్లోకి తీసుకుని 71 రోజులు నిలబడ్డారు. 1890లో సైన్యం లకోటాలని ఊచకోత కోసిన చోటే అది. నాయకులు డెన్నిస్ బ్యాంక్స్, రసెల్ మీన్స్ మీద పెట్టిన కేసుని 1974లో జడ్జి ఫ్రెడ్ నికోల్ కొట్టేశారు. ప్రభుత్వమే తప్పుడు పద్ధతుల్లో నడిచిందన్నారు. మరుసటి ఏడు ఇంకో నిజం బయటపడింది. ఉద్యమానికి భద్రత చూసే మనిషే ఎఫ్‌బీఐ ఇన్ఫార్మర్! ఆ నేల మీద మొదటి నుంచీ ఉన్నవాళ్లనే అనుమానితుల్ని చేశారు.

1975లో సెనేటర్ ఫ్రాంక్ చర్చ్ కమిటీ ఈ తవ్వకం మొదలుపెట్టింది. 1945 నుంచి ముప్ఫై ఏళ్లపాటు టెలిగ్రాం కంపెనీలు విదేశాలకి వెళ్లే, అక్కణ్ణుంచి వచ్చే టెలిగ్రాంలని గూఢచారి సంస్థలకి అప్పజెప్పాయని తేలింది. ఎన్‌ఎస్‌ఏ నిఘా జాబితాలో కింగ్, బాక్సర్ ముహమ్మద్ అలీ ఉన్నారు. 2013లో బయటికొచ్చిన కాగితాల్ని బట్టి చూస్తే ఫ్రాంక్ చర్చ్ పేరు కూడా అందులో ఉంది.

ఈ విచారణ ఫలితమే 1978 నాటి విదేశీ గూఢచర్య నిఘా చట్టం, ఫైసా. దేశం లోపల విదేశీ గూఢచర్యం పేరుతో ఒకరి ఫోన్ వినాలంటే, ఆ మనిషి విదేశీ శక్తికి ఏజెంట్ అని నమ్మడానికి ఆధారం చూపించి ప్రత్యేక కోర్టు అనుమతి తెచ్చుకోవాలి. ఆ కోర్టు రహస్యంగా నడుస్తుంది, ఎదుటి పక్షం వకీలు ఉండడు. అయినా ఒక అధికారి సంతకం కన్నా జడ్జి సంతకం మేలే కదా.

2001 దాడుల తర్వాత బుష్ ప్రభుత్వం ఆ కోర్టుని పక్కనపెట్టి నిఘా నడిపింది. 2005లో పత్రికలు బయటపెట్టాయి. అప్పుడు చట్టాన్ని గట్టి చేస్తారనుకుంటాం. కానీ 2008 సవరణలో 702వ సెక్షన్ వచ్చింది. దేశం బయట ఉన్న విదేశీయుల మీద నిఘాకి మనిషి మనిషికీ కోర్టు అనుమతి అక్కర్లేదు. వాళ్లతో మాట్లాడిన అమెరికన్ల మాటలూ ఆ వలలో పడతాయి. ఆ మాటల్లో సొంత పౌరుల పేర్లు వెతకడానికి ఎఫ్‌బీఐకి వీలు దొరికింది. 2020లో జార్జ్ ఫ్లాయిడ్ హత్య మీద జరిగిన నిరసనల సమయంలో అరెస్టయిన 133 మంది పేర్లు అలాగే వెతికారు. అలా వెతకాలంటే వారెంట్ ఉండాలన్న సవరణ 2024 ఏప్రిల్ 12న ప్రతినిధుల సభలో ఓటుకి వచ్చింది. 212 మంది అవును, 212 మంది కాదు. సమానమైతే ఓడినట్టే.

మరి మన దగ్గర? ఫోన్ వినడానికి 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టమే చాలాకాలం ఆధారం. 1996లో సుప్రీంకోర్టు కొన్ని హద్దులు గీసింది. 2023లో కొత్త టెలికాం చట్టం వచ్చింది. అయినా ఇప్పటికీ అనుమతి ఇచ్చేది ప్రభుత్వ అధికారే, జడ్జి కాదు. 1963లో కింగ్ విషయంలో జరిగిందీ అదే పద్ధతి.

ఈ చరిత్రలో మనం గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటే. చట్టం ఎవరి పేరు చెప్పి వచ్చినా, పేర్ల జాబితా ఎవరి చేతిలో ఉంది, దాన్ని అడిగేవాళ్లెవరు అన్నదే అసలు ప్రశ్న. అమెరికాలో కాగితాలు బయటికొచ్చిన ప్రతిసారీ చట్టం కొంచెం కదిలింది. బయటికి రానన్నాళ్లూ కదల్లేదు.

మీ ఊరి పెద్దలు చెప్పిన ఇలాంటి అనుభవాలు ఉంటే కింద రాయండి. పేర్లు మాత్రం వద్దు. ఎందుకో ఇంతవరకూ చదివినవాళ్లకి చెప్పక్కర్లేదు.

జై ఆదివాసీ!