కట్టకముందే నడచిన యంత్రములు

విమానమును నిర్మించుటకు ముందు దాని నమూనాను గాలిగొట్టములో నుంచి పరీక్షించుట వాడుక. రైట్ సోదరులు 1901లోనే ఇట్టి గొట్టమును స్వయముగా నిర్మించుకొని రెక్కల ఆకృతులను పరీక్షించిరి. కంప్యూటరు నిర్మాతలును ఈ మార్గమునే అనుసరించిరి. కట్టదలచిన యంత్రమును మొదట మరియొక కంప్యూటరులో ప్రోగ్రాముగా నడపి చూతురు. దీనికే సిమ్యులేటరని పేరు. దాని చరిత్రలోని ఒక ఘట్టమును మేమిచట ముచ్చటింపదలచితిమి.

ప్రాసెసరు ఒక్కటియే యున్నచో పని కొంత సులభము. అనేక ప్రాసెసర్లున్న యంత్రములో మెమొరీయు, దానిని చేర్చు మార్గములును ఉమ్మడి సొత్తు. ఒకే తూము క్రింద పలువురు రైతులున్నప్పుడు, ఎవరి మడికి ముందు నీరు పారెనో దానిని బట్టి తక్కినవారి వంతు మారును గదా! సిమ్యులేటరు ఒక ప్రాసెసరును మిక్కిలి ముందునకు నడపి, పిదప రెండవదానిని నడపినచో, ముందు రావలసిన కోరిక వెనుక వచ్చును. లెక్క తారుమారగును.

1993లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున రైన్‌హార్ట్, హిల్, వుడ్ ప్రభృతులు దీనికొక ఉపాయము పన్నిరి. తమ సిమ్యులేటరునకు 'విండ్ టనెల్' అనియే పేరిడిరి. సీఎం-5 అను సమాంతర కంప్యూటరుపై దానిని నడపుచు, కాలమును చిన్న చిన్న తునకలుగా విభజించిరి. ఒక ప్రాసెసరు పంపిన వార్త మరియొకదానిని చేరుటకు పట్టు కాలమును తునక మించదు. కావున ఒక తునకలో పంపిన వార్త ఆ తునకలోనే ఎవరినీ బాధింపదు. ప్రతి తునక చివర అందరును ఆగి, వార్తలు అందిన పిమ్మట సాగుదురు.

అయినను సందేహము తీరలేదు. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు తాము కట్టిన 'ఫ్లాష్' యంత్రమును దాని సిమ్యులేటర్లతో పోల్చి, నమూనాలలోని లోపములను 2000లో ప్రకటించిరి. 2003లో అలామెల్డీన్, వుడ్ అనువారు మరియొక హెచ్చరిక చేసిరి. కాలములో అత్యల్ప భేదము కలిగినను, ఉమ్మడి తాళము ఎవరికి ముందు చిక్కునో అది మారి, ఫలితమే వేరగును. ఒక్క పరుగును నమ్మి ఈ నమూనా మేలు, ఆ నమూనా కీడు అని తీర్పు చెప్పరాదు. స్వల్ప భేదములతో పలుమార్లు నడపి సగటు చూడవలెను.

విస్కాన్సిన్ వారి 'జెమ్స్', మిషిగన్ వారి 'ఎమ్5' కలసి 'జెమ్5' అయినవి. 2011లో ప్రకటితమైన ఆ సిమ్యులేటరు అందరికిని ఉచితముగా లభించినది. లోకమునకు తెలియక సాగిన ఈ శ్రమ నేర్పినది ఒక్కటి: యంత్రమును పరీక్షించువాడు మొదట తన పరీక్షనే పరీక్షించుకొనవలెను.