చిట్టాలోకి ఎక్కిన ప్రార్థన

ప్రార్థన పూజగదిలోనిది, లెక్క ఆఫీసులోనిది అని నేను చాలాకాలం నమ్మాను. వాణిజ్యశాస్త్రం చదివి బ్యాంకులో చేరినవాణ్ణి గనుక ఆ రెండు పుస్తకాలూ కలవకూడదనే అనుకున్నాను. ఆ అభిప్రాయాన్ని మార్చింది ఒక కంటి వైద్యుడి చరిత్ర. మదురై అరవింద్ కంటి ఆసుపత్రి పేరు వినని తెలుగు కుటుంబం తమిళనాట అరుదు. అది ఎలా పుట్టిందో, దాని వెనుక ఎటువంటి ప్రార్థన ఉందో ఆలోచించినవారు మాత్రం తక్కువ.

డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి 1918 అక్టోబరు 1న ఎట్టయపురం ప్రాంతంలోని వడమలాపురంలో రైతు కుటుంబంలో పుట్టారు. నల్లరేగడి నేల, వానను నమ్ముకున్న సేద్యం. తరతరాలుగా ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే కుటుంబాలు ఎన్నో ఉన్న సీమ అది. చిన్నతనంలో దగ్గరి బంధువులు కాన్పు కష్టాలతో చనిపోవడం ఆయన మనసులో నాటుకుపోయింది. ప్రసూతి వైద్యుడు కావాలనుకున్నారు. మద్రాసు స్టాన్లీ వైద్య కళాశాలలో 1944లో పట్టా పుచ్చుకుని సైన్యంలో వైద్యుడిగా చేరారు. అక్కడ కీళ్ళవాతం పట్టుకుంది. 1948లో సైన్యం నుంచి ఇంటికి పంపేశారు. నెలల తరబడి మంచం మీదే గడిపారు. వేళ్ళు వంకరపోయాయి, కలం పట్టడమే గగనమైంది. ప్రసూతి వైద్యం కల అంతటితో ముగిసింది.

‘నా వేళ్ళు నాకు తిరిగి ఇవ్వు స్వామీ’ అని అడగడం మనబోటి వాళ్ళకు సహజం. ఆయన వేళ్ళు తిరిగి రాలేదు, చివరిదాకా అలాగే ఉన్నాయి. ఈ సంగతి మరుగుపరచి చెబితే ఈ కథ వట్టి మహిమల కథ అయిపోతుంది. జరిగింది వేరు. ఆయన మళ్ళీ కళాశాలకు వెళ్ళి నేత్రవైద్యం చదివారు. ఆ వేళ్ళకే కత్తి పట్టడం నేర్పారు. వాటితోనే తన జీవితకాలంలో లక్షకు పైగా కంటి ఆపరేషన్లు చేశారు.

ఆయనకు ఆధారం శ్రీ అరవిందుల బోధ. 1928లో వెలువడిన ‘ది మదర్’ అనే చిన్న పుస్తకంలో శ్రీ అరవిందులు సాధకుడు చేయవలసిన పనులు మూడు చెప్పారు: ఆకాంక్ష, తిరస్కారం, సమర్పణ. ఆకాంక్షకూ కోరికకూ తేడా ఉందని నాకు అర్థమైనంతలో చెబుతాను. ‘నాకు ఇది ఇవ్వు’ అంటే కోరిక. ‘ఈ పనికి నన్ను తగినవాణ్ణి చెయ్యి, నేను సిద్ధంగా ఉన్నాను’ అంటే ఆకాంక్ష. మొదటిదానికి జవాబు దేవుడు చెప్పాలి. రెండోదానికి తెల్లవారి లేచి మనమే చెప్పాలి.

1956 నుంచి మదురై ప్రభుత్వ వైద్య కళాశాలలో నేత్ర విభాగానికి అధిపతిగా ఉంటూ, ఊరూరా కంటి శిబిరాలు నడిపి, 1976లో 58వ ఏట పదవీ విరమణ చేశారు. మనం పింఛను కాగితాలు సర్దుకునే వయసు అది. ఆయన ఆ ఏడే ట్రస్టు పెట్టి, 11 పడకలతో ఆసుపత్రి తెరిచారు. దానికి శ్రీ అరవిందుల పేరే పెట్టారు. చెల్లెలు డాక్టర్ నాచ్చియార్, ఆమె భర్త డాక్టర్ నంపెరుమాళ్‌స్వామి తోడు నిలిచారు. అప్పు పుట్టలేదు, ఇల్లు తనఖా పెట్టారు. నిజం చెప్పాలంటే ఆ దరఖాస్తు నా బల్ల మీదికి వచ్చినా నేనూ తిప్పి పంపేవాణ్ణే. పదవీ విరమణ చేసిన మనిషి, వంకర వేళ్ళు, డబ్బు ఇవ్వని రోగులు. ఏ మేనేజరు సంతకం పెడతాడు?

కానీ ఆయన లెక్క లేని మనిషి కాదు. డబ్బిచ్చే రోగి రుసుములో మిగిలినది డబ్బివ్వలేని రోగి చికిత్సకు చేరేటట్టు ఏర్పాటు చేశారు. ఏ వైపు వెళ్ళాలో రోగే నిర్ణయించుకుంటాడు, ఆదాయపు ధ్రువపత్రం అడగరు. ఆపరేషన్ గదిలో బల్లలు పక్కపక్కనే ఉంటాయి. డాక్టరు ఒకరికి ముగించి ఇటు తిరిగేసరికి రెండో రోగి సిద్ధంగా ఉంటాడు. పల్లెల నుంచి వచ్చిన ఆడపిల్లలకు శిక్షణ ఇచ్చి ఆ సిద్ధం చేసే పని అప్పగించారు. ఆపరేషన్ ఉచితమన్నా పేదలు రావడం లేదేమని విచారిస్తే, బస్సు ఛార్జీ, తిండి ఖర్చు, పోయే కూలి అడ్డమని తేలింది. అప్పుడు బస్సూ భోజనమూ కూడా ఉచితం చేశారు. కంటిలో అమర్చే కటకం విదేశాల నుంచి వస్తే వంద డాలర్ల దాకా పడేది. 1992లో ఆరోల్యాబ్ పెట్టి సొంతంగా తయారుచేసి, పది డాలర్ల ప్రాంతానికి దించారు. దయ ఒక్కటే ఉంటే ఇన్ని లెక్కలు వేయనక్కరలేదు. లెక్క ఒక్కటే తెలిస్తే ఇంత దయ పుట్టదు.

మా అవ్వ 1986లో అలాంటి ఉచిత బస్సులోనే మదురై వెళ్ళింది. రెండు కళ్ళకూ శుక్లాలు. మేమంతా ముసలితనమని సరిపెట్టుకున్నాం. నేనప్పుడు బి.కాం. మొదటి సంవత్సరం. తోడు వెళ్ళాను. దారిలో ఆమె ‘దేవుడా, చూపివ్వు’ అనలేదు. నా మొహం తడిమి, ‘చూస్తానులేరా నాయనా, నీ మీసాలు వచ్చాయో లేదో చూస్తాను’ అంది. సోడాబుడ్డి కళ్ళద్దాలతో తిరిగొచ్చింది, చూసింది, నవ్వింది. ఆ తరువాత ఎనిమిదేళ్ళు తన బియ్యంలో రాళ్ళు తానే ఏరుకుంది.

ఇంత చూసినవాణ్ణి నేను ఏం చేశాను? ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఒక ఉదయం పూజ ముగించుకుని ఆఫీసుకు వెళ్ళాను. కుట్టుమిషను కోసం చిన్న అప్పు అడగడానికి ఒక వితంతువు వచ్చింది. జామీను లేదని పంపేశాను. నిబంధన ప్రకారం అది తప్పు కాదు. అయితే జామీను అక్కరలేని పథకం ఒకటి అప్పుడు ఉంది. దాని కాగితాలు ఎక్కువ, పని ఎక్కువ. అందుకని ఆమెకు చెప్పలేదు. ఆమె మళ్ళీ రాలేదు. డాక్టరుగారి చరిత్ర చదివిన రోజు నాకు గుర్తొచ్చింది ఆమె మొహమే. ఆ ఉదయం నేను చేసిన ప్రార్థన చిట్టాలోకి ఎక్కలేదు.

ఇప్పుడు నా ప్రార్థన మారింది. బ్రాంచి తలుపు తీసేముందు ఒక్క నిమిషం ఆగి, ‘ఈ రోజు వచ్చేవారికి నేను పనికొస్తాను’ అనుకుంటాను. వేలిముద్ర వేసే ముసలివాళ్ళ ఫారాలు రాయడానికి బల్ల దగ్గర ఒక కుర్చీ వేయించాను. చేసింది ఇంతే, గొప్ప చెప్పుకోవడానికి ఏమీ లేదు. కొన్ని రోజులు ఆ మాట నిలబెట్టుకోలేను కూడా. సాయంత్రం ఖాతా సరిచూసుకుంటే ఆ తేడా తెలిసిపోతుంది.

డాక్టర్ వెంకటస్వామి 2006 జూలై 7న కన్నుమూశారు. 11 పడకలతో మొదలైన పని ఈనాడు తమిళనాడు, పుదుచ్చేరి, ఆంధ్రప్రదేశ్‌లలో పెద్ద ఆసుపత్రులుగా విస్తరించింది. ఈసారి మదురైలో మీనాక్షమ్మ దర్శనానికి వెళ్ళినప్పుడు, వీలుంటే అన్నానగర్ వైపు కూడా వెళ్ళి ఒక పూట ఆ వరండాలో కూర్చుని చూడండి. అక్కడ ప్రార్థన వినిపించదు, పని కనిపిస్తుంది.