నర్సుల సహానుభూతి (పల్నాడు)

నర్సింగ్ వృత్తిలో సహానుభూతి అనగా రోగి బాధను అతని స్థానంలో నిలిచి అర్థం చేసుకొని, ఆ అవగాహనతో పరిచర్య చేయడం. తోటి నర్సుల చదువు, అనుభవం తమకంటే భిన్నమైనప్పుడు వాటికి విలువనివ్వడం కూడా ఇందులో భాగమే. జాలి వేరు, సహానుభూతి వేరు. జాలిపడటానికి రోగి గురించి ఏమీ తెలియనవసరం లేదు. సహానుభూతికి మాత్రం తెలుసుకోవడం తప్పదు. ఆంధ్ర ప్రదేశ్‌లోని పల్నాడు ప్రాంతంలో (నరసరావుపేట, మాచర్ల, గురజాల) ఈ అంశం చరిత్రను, నేటి స్వరూపాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది. 2022 ఏప్రిల్ 4న గుంటూరు జిల్లా నుండి విడిపోయి, నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా ఏర్పడింది. కనుక పాత చరిత్ర చాలావరకు గుంటూరుతో ముడిపడి ఉంటుంది.

చరిత్ర

1842లో గుంటూరు వచ్చిన అమెరికా లూథరన్ మిషనరీ జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హేయర్, మధ్యలో స్వదేశం వెళ్ళి 1847లో బాల్టిమోర్‌లో వైద్యపట్టా పొంది తిరిగివచ్చాడు. 1849లో గురజాల చేరి పల్నాటిలో మత ప్రచారంతో పాటు వైద్యం కూడా చేశాడు. అయితే శిక్షణ పొందిన నర్సుల సేవ ఈ ప్రాంతానికి అందింది తరువాతి తరంలోనే. 1883లో గుంటూరు వచ్చిన డాక్టర్ అన్నా సారా కుగ్లర్ (1856-1930) కృషితో 1898లో అక్కడ స్త్రీలకు, పిల్లలకు ఆసుపత్రి ప్రారంభమైంది. తెలుగు యువతులకు అక్కడ నర్సింగ్ నేర్పారు. పల్నాటిలోని రెంటచింతలలో కూడా లూథరన్ మిషన్ ఆసుపత్రి వెలిసింది.

ఆ రోజుల్లో అగ్రవర్ణ కుటుంబాలు ఆసుపత్రికి రావడానికి జంకేవి. అక్కడి వంట తినరాదన్నది ముఖ్యమైన అభ్యంతరం. తన భార్యకు కుగ్లర్ చేసిన వైద్యానికి కృతజ్ఞతగా ఏలూరు రాజా భుజంగరావు ఆసుపత్రి ఎదుట ఒక సత్రం కట్టించాడు. రోగుల బంధువులు తమ ఆచారం ప్రకారం అక్కడ ఉండే వీలు కలిగింది. ఈ ఏర్పాటు కులభేదాన్ని ప్రశ్నించలేదు, సర్దుకుపోయింది. కానీ రోగి ఆచారం మారేదాకా వైద్యం ఆగనవసరం లేదని చూపింది.

గౌరవం రెండో వైపు నుండి కూడా రావలసి ఉంది. దక్షిణ భారతదేశంలో తొలితరం శిక్షిత నర్సులలో క్రైస్తవ స్త్రీలే అధికం. గుంటూరు ప్రాంత లూథరన్ సంఘాలలో చేరినవారిలో ఎక్కువమంది మాల, మాదిగ కులాలవారు. మలమూత్రాలు, నెత్తురు ముట్టే పని మైలగా భావించే సమాజంలో ఆ పనిని వృత్తిగా స్వీకరించినవారి సంగతి చెప్పకుండా, రోగుల ఆచారాలను మన్నించారని మాత్రమే చెబితే సగం చరిత్రే అవుతుంది.

శ్రేణులు, వాటి మధ్య దూరం

రోగులు అందరినీ "సిస్టర్" అనో "నర్సమ్మ" అనో పిలిచినా, నర్సులలో చదువును బట్టి అనేక శ్రేణులు ఉన్నాయి. ఏఎన్ఎంలు చేరిన కాలాన్ని బట్టి 18 నెలల లేదా రెండేళ్ల శిక్షణ పొందినవారు. వీరు ఆరోగ్య ఉపకేంద్రాలలో పనిచేస్తారు. మైదాన ప్రాంతంలో 5,000 మందికి, గిరిజన ప్రాంతంలో 3,000 మందికి ఒక ఉపకేంద్రం ఉండాలన్నది ప్రమాణం. జీఎన్ఎం డిప్లొమా గానీ, నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్ గానీ చదివినవారు ఆసుపత్రులలో స్టాఫ్ నర్సులుగా ఉంటారు. 2018 తరువాత, ఆయుష్మాన్ భారత్ పథకం కింద ఉపకేంద్రాలకు మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్లు (ఎంఎల్‌హెచ్‌పీ) వచ్చారు. వీరు బీఎస్సీ నర్సింగ్ తరువాత సామాజిక ఆరోగ్యంలో ఆరు నెలల కోర్సు చేసినవారు.

ఒకే ఉపకేంద్రంలో ఇరవై ఏళ్ల సర్వీసు ఉన్న ఏఎన్ఎం, నిన్నగాక మొన్న కళాశాల విడిచిన ఎంఎల్‌హెచ్‌పీ కలిసి పనిచేయవలసి వస్తుంది. చదువులో చిన్నవారు పెద్ద, వయసులో పెద్దవారు తక్కువ. రక్తపోటు మందుల మోతాదు, కొత్త మార్గదర్శకాలు చిన్నవారికి తెలుసు. ఏ ఇంట్లో గర్భిణి అత్తగారి మాట కాదని ఆసుపత్రికి రాలేదో, ఎవరు ఐరన్ మాత్రలు తీసుకొని గూట్లో పెడుతున్నారో పెద్దవారికి తెలుసు. ఒకరి ఉద్యోగం పర్మనెంటు, మరొకరిది కాంట్రాక్టు కావడం ఈ దూరాన్ని ఇంకా పెంచుతుంది. మర్యాదగా మాట్లాడమని చెప్పినంత మాత్రాన ఇది తీరదు.

అమెరికా నర్సింగ్ పండితురాలు పాట్రీషియా బెన్నర్ 1984లో ప్రచురించిన గ్రంథంలో నర్సు నైపుణ్యం అయిదు దశలలో పెరుగుతుందని వివరించింది. కొత్తగా చేరినవారు నియమాలను అనుసరిస్తారు. నిపుణులు మొత్తం పరిస్థితిని ఒక్క చూపులో గ్రహిస్తారు, అయితే ఎలా గ్రహించారో చెప్పడం వారికే కష్టం. సీనియర్లు "నీకు తెలియదులే" అని ఊరుకోవడానికి, జూనియర్లు "ఆమె పాత పద్ధతి" అనుకోవడానికి ఒక కారణం ఇదే.

పురుగుమందు రోగులు

పత్తి, మిరప పండే పల్నాటిలో పురుగుమందు తాగినవారు ఆసుపత్రికి రావడం కొత్త కాదు. అప్పులు, కుటుంబ తగాదాలు దీనికి కారణాలలో కొన్ని. వార్డులో వీరికి మందలింపులు ఎదురవడం కద్దు. "పిల్లలు గుర్తురాలేదా" అన్న ప్రశ్నకు రోగి దగ్గర జవాబు ఉండదు. పైగా ఏ మందు, ఎంత, ఎప్పుడు తాగిందీ చెప్పడం కూడా మానేస్తారు. చికిత్సకు అన్నిటికంటే ముందు కావలసిన సమాచారం అదే.

అనుభవం విలువ ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. ఆర్గానోఫాస్ఫేట్ విషానికి అట్రోపిన్ ఇస్తారు. మోతాదు ఎక్కువైతే రోగి కలవరిస్తాడు, మంచం దిగిపోతానంటాడు. బంధువులు, కొన్నిసార్లు కొత్త నర్సులు కూడా, దీనిని మొండితనం అనుకుంటారు. ఇక, కోలుకుంటున్నాడనుకున్న రోగికి విషం తాగిన 24 నుండి 96 గంటల మధ్య మెడ, ఊపిరి కండరాలు చచ్చుబడవచ్చు. తల దిండు మీద నుండి ఎత్తమని అడిగితే ఎత్తలేకపోవడం తొలి సూచన. వెంటనే గుర్తిస్తే కృత్రిమ శ్వాస అందించవచ్చు. మాచర్ల నుండి గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రికి వంద కిలోమీటర్లకు పైగా దూరం కనుక ఒక గంట ముందు గుర్తించినా తేడా ఉంటుంది. రాత్రి డ్యూటీలో ఒంటరిగా ఉన్న కొత్త నర్సు "ఇతని మెడ వాలుతోంది, ఒకసారి చూస్తారా" అని సీనియరును జంకు లేకుండా అడగగలగాలి. గతంలో అలా అడిగి చీవాట్లు తిన్నవారు రెండోసారి అడగడానికి వెనుకాడతారు.

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షను ప్రకారం, ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్లు భావించాలి, శిక్షించరాదు. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో పాత 309వ సెక్షను లేదు. అయినా పోలీసు కేసు భయంతో "పొరపాటున తాగాడు" అని చెప్పే కుటుంబాలు ఉన్నాయి.

భాష, గోప్యత

బొల్లాపల్లి, వెల్దుర్తి, దుర్గి మండలాలలో సుగాలీ (లంబాడా) తండాలు అనేకం ఉన్నాయి. వీరి ఇంటి భాష తెలుగు కాదు. ముస్లిం కుటుంబాలలో ఉర్దూ వినిపిస్తుంది. మిరప కోతలకు ఇతర జిల్లాల నుండి కూలీలు వస్తారు. వీరు వారాల తరబడి పొలాల దగ్గరే ఉంటారు కాబట్టి "వచ్చే బుధవారం టీకాకు రండి" అన్న మాట వీరికి పనికిరాదు. పల్నాటి వాళ్ళు పెద్దమ్మా, తాతా, అక్కా అని వరుస కలిపి పిలిస్తే త్వరగా మాట కలుపుతారు. అయితే తండా మనిషికి తన భాషలో నాలుగు మాటలు వినబడితే కలిగే ధైర్యం వేరు. తండా నుండి చదువుకొని వచ్చిన ఏఎన్ఎం ఉన్నచోట, ఆమెను దుబాసీగా మాత్రమే వాడుకొని ఆమె అభిప్రాయం అడగకపోవడం కూడా ఒక రకమైన చిన్నచూపే.

న్యూజీలాండ్‌కు చెందిన మావోరీ నర్సు ఇరిహపేటి రామ్స్‌డెన్ 1980ల చివర ప్రతిపాదించిన "సాంస్కృతిక భద్రత" ప్రకారం, పరిచర్య గౌరవప్రదంగా ఉందా లేదా అన్నది తేల్చవలసింది నర్సు కాదు, సేవ పొందినవారు.

హెచ్ఐవీ విషయంలో ఇది మరీ ముఖ్యం. ఉచిత ఏఆర్‌టీ మందులు 2004 ఏప్రిల్ నుండి దేశంలో దశలవారీగా అందుబాటులోకి వచ్చాయి. 2017లో చేసిన హెచ్ఐవీ, ఎయిడ్స్ నివారణ, నియంత్రణ చట్టం 2018 సెప్టెంబరు 10న అమలులోకి వచ్చింది. రోగి అనుమతి లేకుండా అతని స్థితిని వెల్లడించడాన్ని, చికిత్సలో వివక్ష చూపడాన్ని ఈ చట్టం నిషేధిస్తుంది. మంచం దగ్గర వేలాడే కేస్‌షీటు మీద పెద్ద అక్షరాలతో రాయడం గానీ, ఒకరికి మాత్రమే ప్రత్యేకంగా చేతి తొడుగులు వేసుకోవడం గానీ నోటితో చెప్పకుండానే చెప్పినట్లవుతుంది. అందుకే నెత్తురు, శరీర ద్రవాలు తగిలే ప్రతి పనిలోనూ, రోగులందరి విషయంలోనూ ఒకే జాగ్రత్తలు పాటించాలన్నది వృత్తి నియమం.