డాలరు ఇల్లు అంతకుముందు ఎవరిది?

ఒక్క డాలరుకే ఇల్లు అంటే ఎవరికైనా ఆశ పుడుతుంది, నాకూ పుట్టింది. అమెరికాలో ఇది నిజంగానే జరిగింది. 1973లో డెలావేర్‌లోని విల్మింగ్టన్ నగరం మొదలుపెట్టింది. 1974 చట్టం వచ్చాక కేంద్ర గృహనిర్మాణ శాఖ (అందరూ హడ్ అంటారు) తన చేతికొచ్చిన జప్తు ఇళ్ళలో కొన్నిటిని బయట అమ్మకానికి పెట్టకుండానే నగరాలకు ఇచ్చేసింది. నగరాలు వాటిని నామమాత్రపు ధరకు ఇచ్చేవి. బాగుచేసుకుని కనీసం మూడేళ్ళు అందులోనే కాపురముండాలి. కప్పు, గొట్టాలు, కరెంటు తీగలు, ఆ ఖర్చంతా తీసుకున్నవాళ్ళదే. 1991లో పథకం ఆగిపోయింది.

అసలు అన్ని ఇళ్ళు హడ్ చేతికెలా వచ్చాయి? నన్ను పట్టుకున్నది ఆ ప్రశ్నే.

1968 చట్టం పేదలకూ సొంతిల్లు అంది. వడ్డీలో చాలా భాగం ప్రభుత్వమే భరించింది, అప్పుకు పూచీ కూడా తనే. కిస్తీలు ఆగితే అప్పిచ్చినవాడికి డబ్బొస్తుంది, ఇల్లు హడ్‌కి పోతుంది. ఇంక వాడికేం బెంగ? దళారులు పుచ్చిపోయిన ఇళ్ళకు పైపైన రంగులేసి అంటగట్టారు. కొన్నవాళ్ళలో పిల్లలతో ఒంటరిగా నెట్టుకొస్తున్న నల్లజాతి తల్లులు ఎందరో. కీయాంగా-యమాట్టా టేలర్ 2019లో రాసిన 'రేస్ ఫర్ ప్రాఫిట్' నిండా ఈ కథే. చలికాలంలో బాయిలరు చెడితే ఆ తల్లి దాన్ని బాగుచేయించాలా, కిస్తీ కట్టాలా?

ఇళ్ళు పోయాక నింద ఆమె మీదే పడింది. ఇల్లు చూసుకోవడం చేతకాదట! కారే కప్పు కింద గిన్నెలు పెట్టుకుంటూ పిల్లల్ని సాకిన మనిషికి.