వాషింగ్టన్ ఉమేదువారీ

కలెక్టరు కచేరీల కాలంలో మన దగ్గర ఉమేదువారు అనే మాట ఒకటి వాడుకలో ఉండేది. జీతం లేదు, హోదా లేదు. గుమాస్తా పక్కన కూర్చుని కాగితాలకు నకళ్లు రాస్తూ, ఎప్పటికైనా ఖాళీ పడకపోతుందా అని ఎదురుచూసే కుర్రాడన్నమాట. ఇంట్లో తిండికి లోటు లేనివాడే అలా ఆశ పెట్టుకుని కూర్చోగలిగేవాడు. అమెరికా రాజకీయాల్లో ఇంటర్న్‌ల చరిత్ర చదువుతుంటే నాకు పదేపదే ఆ మాటే గుర్తొస్తుంది.

ఇంటర్న్ అన్న పేరు రాకముందే అక్కడ ఆ పని ఉంది. 1829లో సెనేటర్ డేనియల్ వెబ్‌స్టర్ గ్రాఫ్టన్ హాన్సన్ అనే తొమ్మిదేళ్ల పిల్లవాణ్ణి సెనేట్‌లో కబుర్లు మోయడానికి పెట్టించాడు. అలాంటి పిల్లల్ని పేజ్ అనేవారు. రెండేళ్లకు అదే వెబ్‌స్టర్ చలవతో ఐజాక్ బాసెట్ వచ్చాడు. పన్నెండేళ్లవాడు, తండ్రి అప్పటికే సెనేట్‌లో మెసెంజరు. బాసెట్ 1895లో చనిపోయేదాకా ఆ భవనం వదల్లేదు. అరవై నాలుగేళ్లు! తెలిసినవాళ్ల సిఫార్సుతో లోపలికి వెళ్లడం, వెళ్లినవాడు అక్కడే పాతుకుపోవడం అప్పుడే మొదలయ్యాయి.

ప్రభుత్వ కొలువులు కూడా సిఫార్సుల మీదే నడిచేవి. 1881లో అధ్యక్షుడు గార్‌ఫీల్డ్‌ను కాల్చిన చార్లెస్ గిటో, తనకు పదవి దక్కలేదని రగిలిపోయినవాడే. ఆ దెబ్బతో 1883లో పెండిల్‌టన్ చట్టం వచ్చి, కార్యాలయాల్లో పరీక్షల పద్ధతి మొదలైంది. చట్టసభ సభ్యుల సొంత ఆఫీసులను మాత్రం అది తాకలేదు.

ఇంటర్న్ అన్న మాట ఆస్పత్రి నుంచి వచ్చింది. మనం హౌస్ సర్జన్ అంటామే, ఆ డాక్టరు. చదువు అయ్యింది, చెయ్యి ఇంకా తిరగలేదు. పరిపాలనకూ అలాంటి శిక్షణ ఉండాలని 1934లో రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ డబ్బుతో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ అఫైర్స్ పుట్టింది. ఆర్థిక మాంద్యాన్ని ఎదుర్కొనేందుకు ప్రభుత్వం చేపట్టిన న్యూ డీల్ పథకాల రోజులు కావడంతో వాషింగ్టన్‌లో కొత్త శాఖలు పుట్టుకొస్తున్నాయి. పట్టభద్రులను తెచ్చి వాటిలో కూర్చోబెట్టారు. ఆ ఆలోచన తర్వాత చాలా కొమ్మలు వేసింది. 1957లో కాలిఫోర్నియా అసెంబ్లీ ఫెలోషిప్, 1964లో వైట్‌హౌస్ ఫెలోస్ వచ్చాయి. 1977లో కార్టర్ ప్రారంభించిన ప్రెసిడెన్షియల్ మేనేజ్‌మెంట్ ఇంటర్న్ పథకం 2003లో పేరు మార్చుకుంది. 2025 ఫిబ్రవరిలో ట్రంప్ ఒక్క ఉత్తర్వుతో దాన్ని ఎత్తేశాడు.

అసలు సందడి కాంగ్రెస్ ఉండే కాపిటల్ హిల్‌లో. 1960ల్లో అక్కడి ఆఫీసుల్లో కాగితాలు సర్దిన పిల్లల పేర్లు చూస్తే తర్వాతి యాభై ఏళ్ల చరిత్ర కనిపిస్తుంది. 1964లో మిచ్ మకానెల్ సెనేటర్ కూపర్ దగ్గర పనిచేశాడు. మేరీల్యాండ్ సెనేటర్ బ్రూస్టర్ ఆఫీసులో నాన్సీ పెలోసీ, స్టెనీ హోయర్ తోటి ఇంటర్న్‌లు. 1968 వేసవిలో హిల్లరీ రోడమ్ (తర్వాత డెమోక్రాట్ నాయకురాలైన హిల్లరీ క్లింటన్) ఇంటర్న్‌గా చేరింది ప్రతినిధుల సభలోని రిపబ్లికన్ల దగ్గర! కమలా హారిస్ 1984లో సెనేటర్ అలన్ క్రాన్‌స్టన్ ఆఫీసులో చేసింది. 2017లో ఆయన ఒకప్పటి సీట్లోనే కూర్చుంది.

వీళ్లు చేసేది దేశాన్ని నడిపే పనేమీ కాదు. ఫోన్లు ఎత్తడం, ఉత్తరాలు విడదీయడం, నియోజకవర్గం నుంచి వచ్చినవాళ్లకు కాపిటల్ చూపించడం. కాపిటల్ మీద ఎగరేసిన జెండాను ఓటర్లకు పంపే ఆనవాయితీ 1937 నుంచి ఉంది; ఆ ఆర్డర్లు చూసేదీ తరచు వీళ్లే. నియోజకవర్గ ఆఫీసుల్లో పాస్‌పోర్టు, పెన్షను, వీసా గొడవలు. గ్రీన్‌కార్డు ఫైలు కదలడం లేదని డాలస్ నుంచో న్యూజెర్సీ నుంచో మనవాళ్లు ఫోన్ చేసినప్పుడు అవతల పలికేది చాలాసార్లు ఇరవై ఏళ్ల ఇంటర్న్ గొంతే.

హిల్ బయట కూడా చోటుంది. 1916లో మొదలైన బ్రూకింగ్స్, 1973లో పుట్టిన హెరిటేజ్ వంటి మేధోసంస్థలున్నాయి. రాష్ట్ర చట్టసభలున్నాయి, టెక్సస్‌లోనైతే సభ బేసి సంవత్సరాల్లో 140 రోజులకు మించకుండా కూర్చుంటుంది కాబట్టి పనంతా ఆ కొద్ది నెలల్లోనే. ఇక ఎన్నికల ప్రచారం. 2006 ఆగస్టులో వర్జీనియా సెనేటర్ జార్జ్ అలెన్ తన సభలో కెమెరా పట్టుకుని నిలబడ్డ ఇరవై ఏళ్ల భారతీయ మూలాలున్న విద్యార్థిని చూపించి ‘మకాకా’ (ఒక కోతి జాతి పేరు) అన్నాడు. ఆ కుర్రాడు ప్రత్యర్థి జిమ్ వెబ్ తరఫున వచ్చిన వలంటీరు. ఆ వీడియో దేశమంతా తిరిగింది. అలెన్ పదివేలలోపు ఓట్లతో ఓడాడు, సెనేట్ డెమోక్రాట్ల చేతికి వెళ్లింది. కెమెరా మోయడం చిన్న పని అని ఎవరనగలరు?

డబ్బు దగ్గరే కథ మలుపు తిరుగుతుంది. కనీస వేతన చట్టాన్ని 1938లో చేసిన కాంగ్రెస్, తన ఆఫీసులకు అది వర్తించకుండా చూసుకుంది. 1995లో ఆ తప్పు దిద్దుకుంటూ కూడా ఇంటర్న్‌లను బయటే ఉంచింది. అదే ఏడాది నవంబరులో ప్రభుత్వం స్తంభించి సిబ్బంది ఇళ్లకు వెళ్తే, జీతం లేని వైట్‌హౌస్ ఇంటర్న్‌లు మాత్రం పనికి వచ్చారు. ఉద్యోగులు కానివాళ్లను పంపేదెలా? వాళ్లలో మోనికా లూయిన్‌స్కీ ఒకరు. అధ్యక్షుడు క్లింటన్‌తో ఆమె సంబంధం గురించి 1998లో లోకమంతా విన్నదే. ఆ కుంభకోణం మీద ఖర్చయిన సిరాలో పదోవంతైనా జీతం లేని చాకిరీ మీద ఖర్చు కాలేదని నా ఫిర్యాదు. వాషింగ్టన్‌లో వేసవంతా అద్దె కట్టగల ఇళ్ల పిల్లలే ప్రజాప్రతినిధుల ఆఫీసులను నింపారు. 2018లో గానీ కాంగ్రెస్ గట్టిగా నిధులు కేటాయించలేదు: ప్రతినిధుల సభకు 88 లక్షల డాలర్లు, సెనేట్‌కు 50 లక్షలు. వైట్‌హౌస్ 2022లో వారానికి 750 డాలర్లు ఇవ్వడం మొదలెట్టింది.

భారతీయ కుటుంబాలకు ఈ దారి ఆలస్యంగా తెలిసింది. పిల్లలకు మెడిసిన్, ఇంజనీరింగ్ తప్ప మరో మాట చెప్పని రోజుల్లో, ‘ఇండియా అబ్రాడ్’ పత్రిక స్థాపకుడు గోపాల్ రాజు 1990ల్లో ఒక సంస్థ పెట్టి, భారతీయ అమెరికన్ విద్యార్థులను కాంగ్రెస్ ఆఫీసులకు ఇంటర్న్‌లుగా పంపించాడు.

ఇవన్నీ అమెరికా పౌరులైన పిల్లల సంగతులు. వైట్‌హౌస్‌కూ విదేశాంగ శాఖకూ ఇంటర్న్ కావాలంటే అమెరికా పౌరసత్వం ఉండాలి. విజయవాడ నుంచో వరంగల్ నుంచో వెళ్లి పబ్లిక్ పాలసీలో మాస్టర్స్ చేస్తున్న విద్యార్థి ఎక్కువగా మేధోసంస్థల వైపో స్వచ్ఛంద సంస్థల వైపో చూడాల్సి వస్తుంది. అక్కడా చదువు మధ్యలో చేరాలంటే, ముందు ఐ-20 (యూనివర్సిటీ ఇచ్చే వీసా పత్రం) మీద సీపీటీ (చదువులో భాగంగా పనిచేసే) అనుమతి పడాలి. ఉమేదువారీ ఆ తర్వాతే.